పిల్లలకు మందు పోస్తే ఏడేళ్ల జైలు

మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. కానీ అనకాపల్లి అయినా, మరో ఊరైనా పిల్లాడి చేతికి గ్లాసు అందేది దుకాణం నుంచే కాదు. పండగకో, పెళ్లికో ఇంట్లోవాళ్లే పోస్తుంటారు.

నేరం ఎవరిది?
ఇచ్చినవారిది. 18 ఏళ్లలోపు వారికి మద్యం ఇస్తే బాలల న్యాయ చట్టం (2015) 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పిల్లలతో మద్యం మోయించినా, అమ్మించినా 78వ సెక్షన్ కింద శిక్ష అంతే. సీసా తెమ్మని కొడుకును పంపే తండ్రులూ గుర్తుంచుకోవాలి.

ముప్పేమిటి?
మెదడు దాదాపు 25 ఏళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. చిన్న వయసులో మొదలైన తాగుడు వ్యసనంగా మారే అవకాశం ఎక్కువ.

స్పృహ తప్పితే?
పడుకుంటే దిగిపోతుందని వదిలేయకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు, ఒంటరిగా వదలొద్దు. పరువు పోతుందని ఆలస్యం చేస్తే ప్రాణానికే ప్రమాదం.

అలవాటు పడితే?
వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. చికిత్సకు విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎవరైనా పిల్లలకు మద్యం ఇస్తుంటే 1098కి చెప్పండి.