నాలుగు వాక్యాల అమానత్

బెంజ్ సర్కిల్ దగ్గర చాయ్ తాగుతూ మా భాంజా ఫోన్ చూపించాడు. జెరోధా 2025లో తెచ్చిన కైట్ ఎంసీపీతో ఏఐ అతని షేర్ల హిసాబ్ చెప్పేస్తోంది.

ఏ టూల్ ఏం చేస్తుందో ఏఐకి తెలిసేది దాని కింద రాసిన నాలుగు వాక్యాల వల్లే. రేపు బ్యాంకులూ ఇలాంటివి తెస్తే? ఖాతాలో పడే సూద్‌ను విడదీసి గరీబులకు ఇచ్చేసే ఇళ్లు మనవి. టూల్ సూద్‌ను కలిపేసి ‘బ్యాలెన్స్’ అని ఇస్తూ ఆ ముక్క రాయకపోతే, ఏఐ వేసే జకాత్ లెక్క తప్పుతుంది. తప్పిందని అమ్మీకీ తెలియదు, ఏఐకీ తెలియదు.

ఖర్జ్‌ను కాతిబ్‌తో రాయించుకోమన్న సూరె బఖరా 282, ఖురాన్‌లోకెల్లా పొడవైన ఆయత్. ఇజాజత్ నొక్కేముందు ఆ నాలుగు వాక్యాలు తెలుగులో చూపించమని అడగండి భాయ్.

“ఇంగ్లిష్‌లోనే ఎవరూ చదవరు మామూ” అని నవ్వాడు భాంజా. చాయ్ పైసలు నాతోనే ఇప్పించాడు.