తెరమీద లిపికి న్యాయం

2017లో ఉర్దూ తెలంగాణ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయింది. చట్టం ఇచ్చిన ఆ గౌరవాన్ని కంప్యూటరు కూడా ఇవ్వాలి. అరబ్బీ లిపినుండి రూపొందిన ఉర్దూ రాత కుడినుండి ఎడమకు సాగుతుంది. అంకెలు మాత్రం ఎడమనుండి కుడికి నడుస్తాయి. ఒకే అక్షరం పదంలోని స్థానాన్ని బట్టి నాలుగు రూపాలు దాల్చవచ్చు. ఈ నియమాలెరుగని ఎడిటరులో అక్షరాలు విడిపోతాయి, పదక్రమం తారుమారవుతుంది. సత్తుపల్లి విద్యార్థి ఒకరు తెలుగు, ఉర్దూ కలిపి దరఖాస్తు రాస్తే, దిద్దబోయిన అక్షరం ఒకటి, చెరిగిపోయేది మరొకటి కారాదు. ఒత్తులు విడిపోయిన తెలుగును చూసి నొచ్చుకొనేవారికి ఈ బాధ వేరుగా చెప్పనక్కరలేదు. 1991నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే ఈ రెండు లిపులకూ చోటు దక్కింది. ఇక వాటిని సరిగా చూపి, దిద్దనిచ్చే బాధ్యత సాఫ్ట్‌వేర్ నిర్మాతలది. పౌరుని పేరే తప్పుగా కనబడితే అధికార భాషా హోదా కాగితానికే పరిమితమవుతుంది.