ఎరుపు పగటి రంగే

సంపాదకుల వారికి,

ఫైరింజను ఎర్రగా ఉంటేనే దూరానికి కనబడుతుందని గత వారం ఒక పాఠకుడు రాశారు. పట్టపగలు సరే. పొద్దుగూకాక మన కంటికి ముందుగా నల్లబడేది ఎరుపే. నిమ్మపచ్చ ఇంకా కొంతసేపు తెలుస్తూనే ఉంటుంది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే దీన్ని గమనించాడు.

అలాగని ఎరుపు చెరిపేయమనడం లేదు. 1990లలో బ్రిటన్‌లో బాటెన్‌బర్గ్ గళ్లు వచ్చాయి. పోలీసు కార్లకు నీలం, పసుపు. అంబులెన్సులకు ఆకుపచ్చ, పసుపు. ఫైరింజన్లకు ఎరుపు, పసుపు. హెడ్‌లైటు పడగానే వెలుగును తిరిగి మన వైపే విసిరే రేకు అది. చదరంగం బల్లలా ఉంటుంది, అందం సంగతి అడక్కండి!

మన దగ్గర అంబులెన్సు బానెట్‌పై పేరు తిరగేసి రాస్తారు, ముందున్న డ్రైవరు అద్దంలో సరిగా చదువుకోవాలని. మంచిదే. కానీ వానరాత్రి హైవే పక్కన ఆగిన బండిని గుద్దకుండా కాపాడాల్సింది వెనక అంటించిన మెరుపు టేపు. దానిపై దుమ్ము పేరుకుంటే వెలుగు తిరిగి రాదు. మా ఊళ్లో ఒక అంబులెన్సుకు సరిగ్గా ఆ టేపు మీదే దాతగారి ఫొటో అతికించారు. కొత్త రంగుల ఖర్చు గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ స్టిక్కరు పీకించండి.

— ఒక పాఠకుడు, కాకినాడ