పొద్దున్నే వేళ్లు ముడుచుకోకపోతే...

మా యారాలు పొద్దున జొన్నరొట్టె తట్టలేకపోయేది. గంటసేపు వేళ్లు బిగుసుకునే ఉండేవి. వాతమేలే అని నూనె రాస్తూ ఆరు నెలలు పోగొట్టుకున్నాం.

డాక్టరమ్మ రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నది. ఒంటిని కాపాడాల్సిన తెల్లకణాలే మన కీళ్లను శత్రువనుకుని, టి.ఎన్.ఎఫ్. వంటి రసాయనాలతో ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయట. మా బల్మూరులో చాడీ పాకినట్టేననుకోండి! కబురు అందిన కణం ఇంకో నాలుగింటిని రేపుతుంది. కీలు లోపలి పొర వాచి, ఎముకనూ తినేస్తుంది. ఆడవాళ్లకే రెండు మూడింతలు ఎక్కువట.

ఆ జోరు తగ్గించడానికి మెథోట్రెక్సేట్ మాత్ర రాసింది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన ప్రయోగశాలలోనే 1940లలో అది తయారైంది. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణం మీదికే వస్తుంది. మా యారాలు రెండోరోజూ డబ్బా తీస్తే నేనే చెయ్యి పట్టుకున్నా. ఇప్పుడు క్యాలెండరులో ఆదివారాలకు మాత్రం ఎర్రగీత గీశాం.