ప్రశ్నించడానికీ ఒక గడువు

బీమా అంటే మన ఇళ్లలో ఏజెంటు తెచ్చిన ఫారం, అతడు చూపించిన చోట సంతకం. అంతే! ఏళ్ల తరబడి ప్రీమియం పుచ్చుకున్న కంపెనీ, మనిషి పోయాక 'షుగరు దాచాడు' అంటే ఏం న్యాయం?

1938 నాటి బీమా చట్టం 45వ సెక్షను అందుకే ఒక గడువు పెట్టింది. 2015 సవరణ ప్రకారం మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని మోసం పేరుతో కూడా ప్రశ్నించరాదు. (మధ్యలో ఆగిపోయి పునరుద్ధరిస్తే లెక్క మళ్లీ మొదలు. ఇది చాలామందికి తెలీదు.) ఆరోగ్య బీమాలో ఎనిమిదేళ్ల గడువును నియంత్రణ సంస్థ 2024లో అయిదేళ్లకు తగ్గించింది. ఆ తర్వాత కూడా మోసం రుజువైతే క్లెయిము దక్కదు.

జబ్బు దాచినవాడి భారం నిజం చెప్పినవాళ్ల మీద పడుతుందన్న కంపెనీల వాదన కాదనను. కానీ అతడు దాచాడా, ఇంగ్లీషు ఫారంలో ఆ ప్రశ్న ఉందనే ఎరగడా? నన్నడిగితే, పాలసీ ఇచ్చే ముందే వైద్య పరీక్ష చేయించి తేల్చుకొమ్మని కంపెనీలను శాసించాలి. ఖర్చు వాళ్లదే!