పోయేది చాలా ఉంది

సార్కాయిడోసిస్ అని తేలిన ఇంటికి సలహాలు వరుస కడతాయి. పిన్ని ఫలానా ఊళ్లో ఇచ్చే పసరు గురించి చెబుతుంది. ఆఫీసు మిత్రుడు హోమియో డాక్టరు నంబరు పంపిస్తాడు. వాకింగులో కలిసే పెద్దాయన ‘రోగమంతా పొట్టలోనే ఉంది, గోధుమలు మానెయ్’ అంటాడు. డాక్టరిచ్చిన మందులు ఆపమని వీళ్లెవరూ అనరు. అందరిదీ ఒకటే మాట: ‘వాటితోపాటు ఇదీ వాడి చూడు, పోయేదేముంది?’

ఈ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు, ఎందుకంటే అందులో ప్రేమ ఉంది. నేను ఈ జబ్బుతో బతుకుతున్నవాణ్ణి కనుక చెబుతాను. మరే జబ్బు విషయంలోనైనా ఆ మాట చెల్లుతుందేమో గానీ, దీని విషయంలో చెల్లదు.

ఒంటిని కాపాడాల్సిన కణాలే గుంపులుగా పోగై చిన్నచిన్న గడ్డలు కట్టడం ఈ జబ్బు. ఎక్కువగా ఊపిరితిత్తుల్లో, ఛాతీలోని లింఫు గ్రంథుల్లో కడతాయి. కొందరికి కళ్లలో, చర్మంలో, కాలేయంలో, గుండెలో కూడా. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. మన దగ్గర స్కాన్ చూడగానే ముందు టీబీ అనుకుంటారు. నెలల తరబడి టీబీ మందులు మింగి, గుణం లేక, చివరికి బయాప్సీతో అసలు పేరు తెలుసుకున్నవాళ్లు ఎందరో. ఆస్పత్రి మీద నమ్మకం అప్పటికే సగం అరిగిపోయి ఉంటుంది. పసరు కబురు సరిగ్గా ఆ సమయానికే వస్తుంది.

వాడితే గుణం కనిపిస్తుంది కూడా! చిక్కంతా అక్కడే ఉంది. సార్కాయిడోసిస్ వచ్చినవాళ్లలో సగానికి పైగా మందికి రెండు మూడేళ్లలో అది దానంతటదే అణిగిపోతుంది. జ్వరం, చీలమండల వాపు, కాళ్ల మీద నొప్పి పెట్టే ఎర్రటి గడ్డలతో హడలెత్తిస్తూ మొదలయ్యే రకం ఒకటుంది, లోఫ్‌గ్రెన్ సిండ్రోమ్ అంటారు. చూడ్డానికి అదే భయంకరం, తగ్గడంలో అదే ముందు. ఆ నెలల్లో కషాయం తాగినవాడికి కషాయంతో తగ్గుతుంది, హోమియో మాత్రలు చప్పరించినవాడికి వాటితో తగ్గుతుంది. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ లెక్క ఇది. తగ్గినవాడు పదిమందికి చెబుతాడు. తగ్గక ఊపిరితిత్తులు మచ్చకట్టినవాడు ఏ పెళ్లిలోనూ నిలబడి తన అనుభవం చెప్పడు.

ఇక ‘పోయేదేముంది’కి జవాబు. అందరూ అతి సాధువనుకునే డి విటమిన్నే తీసుకుందాం. ఒళ్లంతా పరీక్ష చేసే ప్యాకేజీ రిపోర్టులో డి విటమిన్ తక్కువని లావాటి అక్షరాల్లో వస్తుంది. ఇంట్లోవాళ్లు మందుల షాపుకెళ్లి 60 వేల యూనిట్ల పొట్లాలు తెచ్చి, వారానికొకటి పాలలో కలిపి ఇస్తారు. రిపోర్టు కొలిచేది ఒంట్లో నిల్వ ఉన్న రూపాన్ని. దాన్ని పనిచేసే రూపంలోకి మార్చే పని మామూలుగా కిడ్నీలది, అదీ అవసరం మేరకే. సార్కాయిడోసిస్ గడ్డలు మాత్రం ఎవరి అదుపూ లేకుండా ఆ పని సొంతంగా చేసేస్తాయి. కాబట్టి నిల్వ తక్కువగా కనిపిస్తూనే, పనిచేసే రూపం ఎక్కువగా ఉండొచ్చు. దానిమీద 60 వేల పొట్లం పడితే రక్తంలో కాల్షియం ఎగబాకుతుంది. ఆరని దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, తికమక, కిడ్నీలో రాళ్లు, ముదిరితే కిడ్నీయే దెబ్బతినడం. స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఎముకల కోసం రాసే కాల్షియం మాత్రను కూడా ఈ జబ్బులో రక్తపరీక్ష చూడకుండా మొదలుపెట్టకూడదు.

రెండోది ‘ఇమ్యూనిటీ పెంచే’ సరుకు. కోవిడ్ కాలంలో తిప్పతీగ రసం తాగని వీధి లేదు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి సంగతి ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు గానీ, మరుసటి ఏడాది ఇంకా పెద్ద సంఖ్యలో కేసులతో మరో నివేదిక వచ్చింది. ఆ వివాదం ఎలా తేలినా, మన ప్రశ్న వేరు. రక్షణ కణాలు అదుపు తప్పడమే జబ్బు అయినప్పుడు వాటిని ఇంకా ఎగదోస్తామనే మందు మనకెందుకు?

ఈ జబ్బుకు డాక్టర్లు ముందుగా రాసే స్టెరాయిడ్ల మీద భయం ఉత్తదేం కాదు. ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, నిద్ర పట్టదు, ఎముకలు గుల్లబారతాయి. ఆ భయంలో ‘స్టెరాయిడ్ లేని పొడి’ అని దొరికితే చేయి చాస్తాం. అలాంటి పొడుల్లో స్టెరాయిడే కలిపి పట్టుబడ్డ సందర్భాలున్నాయి. పొడి నమ్ముకుని నెలల తరబడి వాడిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే, ఒళ్లు తనకు కావలసిన స్టెరాయిడ్ హార్మోనును సొంతంగా తయారుచేసుకోలేక కుప్పకూలే ప్రమాదముంది.

‘కంపెనీలకు లాభం లేనివాటిని ఎవరు పరీక్షిస్తారు?’ అంటారు. పరీక్షించారు. ఈ జబ్బుకు మూలం దాగున్న బ్యాక్టీరియా అని ట్రెవర్ మార్షల్ అనే ఆయన ప్రచారం చేశారు. ఆయన వైద్యుడు కాదు. బీపీ మాత్ర ఓల్మెసార్టన్ మామూలు కంటే ఎక్కువగా, యాంటీబయాటిక్స్ తక్కువ మోతాదులో, ఎండకు దూరం: ఇదీ ఆ పద్ధతి. గట్టి పరీక్షకు అది ఎన్నడూ నిలబడలేదు. కానీ బ్యాక్టీరియా ఊహను అమెరికా వైద్యులు కొట్టిపారేయలేదు. నాలుగు యాంటీబయాటిక్స్ కలిపి ఇచ్చి చూశారు. 2013లో చర్మం మీద మచ్చలు తగ్గినట్టు కనిపించి ఆశ పుట్టింది. ఊపిరితిత్తుల మీద 16 వారాలు వాడి చూస్తే శ్వాస సామర్థ్యం మెరుగుపడలేదని 2021లో ప్రచురించారు. తమకు నచ్చిన ఊహ ఓడిందని తామే రాసుకున్నారు. ఏ లేహ్యం కంపెనీ ఆ పని చేసింది?

స్టెరాయిడ్ తగ్గించే దారి చూపినదీ పరీక్షే. చండీగఢ్ పీజీఐ వైద్యులు 86 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో, మరో జట్టుకు 20తో మొదలుపెట్టారు. జబ్బు తిరగబెట్టడంలోనూ మందు పనిచేయకపోవడంలోనూ తేడా లేదని 2023లో రాశారు. మన రోగులు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్న సగం మోతాదు అది.

నడక, ప్రాణాయామం, పూట తప్పని నిద్ర – వీటితో నాకు పేచీ లేదు. నీరసానికి ఇవి మందు కంటే మేలు చేసిన రోజులున్నాయి.

డాక్టర్లతో మాత్రం పేచీ ఉంది. మూడు నిమిషాల్లో చీటీ రాసి, పొడి పేరెత్తగానే కసురుకుంటే రోగి పొడి మానడు, చెప్పడం మానేస్తాడు. వాడే ప్రతి చూర్ణం పేరూ మొదలుపెట్టిన తేదీతో సహా ఫైల్లో ఉండాలి. రేపు కాలేయ పరీక్షలో అంకెలు పెరిగితే, అది జబ్బు పనా, డాక్టరు రాసిన మెథోట్రెక్సేట్ మాత్ర పనా, పొడి పనా అని తేల్చడానికి ఆ ఒక్క కాగితమే ఆధారం.