హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పందాలు: గాలి ఉంది, పడవలు ఉన్నాయి, మరి నీళ్లు?

ఓ శుక్రవారం సాయంత్రం మా సైట్ కుర్రాళ్లు నలుగురితో కలిసి దోహా కార్నిష్ మీద కూర్చున్నాను. దూరంగా సముద్రంలో చిన్న చిన్న తెల్ల తెరచాపలు వరుసగా పోతున్నాయి. మా స్టీల్ ఫిక్సర్ కుర్రాడు, నిజామాబాద్ వైపు వాడు, చాలాసేపు చూసి అడిగాడు. "సార్, ఇంజిన్ లేదు, తెడ్డు లేదు. గాలేమో అటుకెల్లి ఇటు కొడుతుంది. ఆ పడవ గాలికి ఎదురు ఎట్ల పోతుంది?"

మంచి ప్రశ్నే. నాకు తెలిసినంత చెప్పి, "ఇవి మన హైదరాబాద్‌లోనూ ఉంటయి, ట్యాంక్‌బండ్ కాడ" అన్నాను. వాడు నమ్మలేదు. "ట్యాంక్‌బండ్ కాడ బుద్ధుడు, గణేశ్ నిమజ్జనం, మురుగు వాసన. ఇంకేముంటది సార్?" అని నవ్వాడు.

వాడి తప్పు కాదు. మనలో చాలామందికి తెలిసిన హుస్సేన్‌సాగర్ అంతే. కానీ ప్రతి ఏటా వానాకాలంలో దేశం నలుమూలల నుంచి క్రీడాకారులు వచ్చి ఆ చెరువులో తెరచాప పడవల జాతీయ పోటీలు ఆడతారు. మనలాంటి ఇళ్ల పిల్లలు కొందరు ఆ చెరువు నుంచే జాతీయ, ఆసియా స్థాయికి ఎదిగారు. ఆ దారి మూసుకుపోకుండా ఉండాలంటే ఏం కావాలన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

సముద్రం లేని ఊళ్లో సెయిలింగ్

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాక గల్ఫ్ రాకముందు కొన్నాళ్లు హైదరాబాద్‌లో పనిచేశాను. 2011 వానాకాలంలో ఖైరతాబాద్ వైపు ఒక బిల్డింగ్ మీద ఏడో అంతస్తు స్లాబ్ పని. గాలి ఎక్కువైందని క్రేన్ ఆపించి ఖాళీగా నిలబడ్డాం. కింద చెరువులోకి చూస్తే పదుల కొద్దీ తెరచాపలు! మా పని ఆపించిన గాలే వాళ్ల పని నడిపిస్తోంది. ఆ రోజు నుంచి ఈ ఆట మీద ఆసక్తి పట్టుకుంది.

హుస్సేన్‌సాగర్ 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువు. దాని నిండు నీటిమట్టం సముద్ర మట్టానికి 513.41 మీటర్ల ఎత్తు. సముద్రానికి అర కిలోమీటరు పైన, తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో సెయిలింగ్ ఏమిటని అనిపిస్తుంది. జవాబు మన రైతులకు తెలిసిందే. నైరుతి రుతుపవనాలు వచ్చాక జూన్ నుంచి ఆగస్టు దాకా దక్కన్ పీఠభూమి మీద పడమటి గాలి గట్టిగా, ఎడతెగకుండా వీస్తుంది. అందుకే ఇక్కడి పెద్ద పోటీలన్నీ వానాకాలంలోనే.

ఈ చెరువు మీద సెయిలింగ్‌కు మొదటి అండ సైన్యం. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ విభాగానికి చెందిన సెయిలింగ్ అసోసియేషన్ 1980ల నుంచి హైదరాబాద్ సెయిలింగ్ వీక్ నడుపుతోంది. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ కూడా పాతదే. 2009లో సుహేమ్ షేక్ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మొదలుపెట్టారు. మాన్‌సూన్ రెగట్టా అనే పోటీలు ఆ క్లబ్ జరిపేవే.

ఎదురుగాలికి ఎలా వెళుతుంది?

మా కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇది. ఏ తెరచాప పడవా నేరుగా గాలికి ఎదురు పోలేదు. కానీ గాలికి సుమారు 45 డిగ్రీల వాలులో పోగలదు. తెరచాప మీద గాలి పడవను పక్కకు తొయ్యాలని చూస్తుంది. పడవ మధ్యలో నీళ్లలోకి దించిన పలక పక్కకు పోనివ్వదు. తడి సబ్బును రెండు వేళ్ల మధ్య నొక్కితే ముందుకు జారినట్టు పడవ ముందుకు కదులుతుంది. కొంతదూరం కుడికి, కొంతదూరం ఎడమకు మలుపుతూ పైకి పోతారు. ఘాట్ రోడ్డు మీద బస్సు వంకరలు తిరిగి కొండెక్కినట్టే.

హుస్సేన్‌సాగర్ పందాల్లో ఎక్కువగా కనిపించే పడవ లేజర్. 2019 నుంచి దీన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు. 1970ల తొలినాళ్లలో వచ్చిన ఈ పడవ పొడవు 14 అడుగులు, ఖాళీ పడవ బరువు 59 కిలోలు, ఒక్కరే నడుపుతారు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పిల్లలు నడిపేది ఆప్టిమిస్ట్. ఏడున్నర అడుగులు దాటి కాస్త ఎక్కువ, డబ్బా ఆకారం, 35 కిలోలు. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పేద ఇళ్ల పిల్లలు కూడా ప్లైవుడ్‌తో చేసుకోగలిగేలా దీన్ని తయారుచేశాడు. ఇవాళ పోటీలకు పనికొచ్చే పడవ కొనాలంటే లక్షల రూపాయల మాట. క్లబ్బు లేకుండా మామూలు ఇంటి పిల్లవాడు పడవను ముట్టుకోలేడు.

పడవలన్నీ ఒకే కొలత కనుక గెలుపు మనిషి తెలివి మీదే ఉంటుంది. చెరువులో ఇది ఇంకా ఎక్కువ. చుట్టూ బిల్డింగులు, చెట్లు ఉండటం వల్ల గాలి నిమిషానికో పక్కకు తిరుగుతుంది. పెద్ద టవర్ల మధ్య గాలి ఎలా సుడి తిరుగుతుందో మన సైట్ వాళ్లకు చెప్పక్కర్లేదు. నీళ్ల మీద ముడతలు చూసి వచ్చే గాలిని ముందే పసిగట్టినవాడిదే గెలుపు.

తప్పు చేసినవాడే శిక్ష వేసుకునే ఆట

ఈ ఆటలో నన్ను బాగా ఆకట్టుకున్నది రూల్స్. పందెం మొదలయ్యే ముందు 5 నిమిషాలకు, 4 నిమిషాలకు, 1 నిమిషానికి సంకేతాలు ఇస్తారు. గీత ముందే దాటితే వెనక్కి వచ్చి మళ్లీ దాటాల్సిందే. రెండు పడవలు ఎదురెదురుగా వస్తే, గాలి కుడి పక్క నుంచి తగులుతున్న పడవకు రెండోది దారి ఇవ్వాలి. తప్పు చేస్తే పడవను రెండు చుట్లు తిప్పి అప్పుడు ముందుకు పోవాలి. నీళ్లలో తేలే గుర్తును తాకితే ఒక చుట్టు. ఈల ఊదేవాడు వెంట ఉండడు. తప్పు తనదే అని ఒప్పుకుని ఎవరికి వారే ఆ చుట్లు తిరగాలి. ఒప్పుకోకపోతే అవతలివాడు ఫిర్యాదు చేస్తాడు, ఒడ్డుకు వచ్చాక విచారణ.

మొదటి స్థానానికి 1 పాయింటు, రెండో స్థానానికి 2. చివరికి తక్కువ పాయింట్లు ఉన్నవాడు విజేత. వారం పొడుగునా చాలా రేసులు ఉంటాయి. మామూలుగా అందులో అన్నిటికంటే చెడ్డ ఫలితాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఒక్క రోజు బాగోలేదని మనిషిని పక్కన పెట్టరు. మన పనిచోట్ల ఈ పద్ధతి లేదు కదా అని నాకు చాలాసార్లు అనిపించింది.

పెద్దోళ్ల ఆటేనా?

"ఇది ఆఫీసర్లు, పైసలున్నోళ్లు ఆడేది" అని మనవాళ్లు అంటారు. చాలాకాలం అదే నిజం. ఇప్పుడు లెక్క మారింది. 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో సెయిలింగ్‌లో మన దేశానికి 3 పతకాలు వచ్చాయి. అందులో రజతం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్ దేవాస్ జిల్లా రైతు కూతురు. శిక్షణ భోపాల్‌లోని నేషనల్ సెయిలింగ్ స్కూల్‌లో, అంటే భోపాల్ పెద్ద చెరువు మీద. 2018 జకార్తా క్రీడల్లో కాంస్యం గెలిచిన హర్షితా తోమర్ కూడా ఆ స్కూలు అమ్మాయే. సముద్రం లేని రాష్ట్రం నుంచి రెండు ఆసియా పతకాలు! హాంగ్జౌలో కాంస్యం గెలిచిన విష్ణు శరవణన్ సైన్యంలో సుబేదార్. టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటిలోనూ ఆడాడు.

మన హైదరాబాద్ సంగతి చూద్దాం. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ రసూల్‌పురా లాంటి బస్తీల పిల్లలను తెచ్చి ఉచితంగా నేర్పిస్తోంది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు కూడా ఈ పోటీల్లో దిగారు. ఈ చెరువులో నేర్చుకున్న ప్రీతి కొంగర హాంగ్జౌ ఆసియా క్రీడల్లో భారత్ తరఫున ఆడింది.

ఈ మాట గల్ఫ్‌లో ఉన్న మనకు ఎందుకంటే, మన క్యాంపుల్లో చాలామంది పిల్లలు గురుకుల హాస్టళ్లలోనే చదువుతున్నారు. తండ్రి ఇక్కడ, పిల్లలు అక్కడ. ఫోన్‌లో "బాగా చదువు బిడ్డా" అనడం తప్ప ఇంకేం చెప్పాలో మనకు తోచదు. ఆటల్లో బాగా రాణిస్తే స్పోర్ట్స్ కోటాలో చదువు, సైన్యంలో, నేవీలో ఉద్యోగం దాకా దారి ఉంది. ఆ దారుల్లో తెరచాప కూడా ఒకటి అని మనకు తెలిసి ఉండాలి.

అసలు చిక్కు నీళ్లతోనే

గాలి ప్రకృతి ఇచ్చింది. పడవలు క్లబ్బులు, సైన్యం ఇచ్చాయి. మూడోది నీరు. అది ప్రభుత్వం, జనం కలిసి కాపాడాల్సింది. అక్కడే దెబ్బ తగులుతోంది.

సెయిలింగ్ నేర్చుకునే పిల్లలు పడవ బోల్తా కొట్టకుండా నేర్చుకోలేరు. లైఫ్ జాకెట్ ఉంటుంది కనుక మునిగిపోరు. నీళ్లలో పడి, ఆ మధ్యపలక మీదికి ఎక్కి బరువేసి పడవను నిలబెట్టడం మొదటి పాఠం. అంటే ముక్కులోకి, నోట్లోకి నీళ్లు పోతాయి. మరి హుస్సేన్‌సాగర్‌లోకి వచ్చేదేమిటి? కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల నీరు. కూకట్‌పల్లి నాలాలో ఇళ్ల మురుగుతో పాటు ఫ్యాక్టరీల రసాయనాలూ వచ్చాయి. ఒకప్పుడు హైదరాబాద్ తాగిన చెరువు ఇది. భోపాల్ పెద్ద చెరువు ఇవాళ్టికీ ఆ నగరానికి తాగునీరు ఇస్తోంది. రెండు చెరువులకూ తేడా అక్కడే కనిపిస్తుంది.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 2006లో జపాన్ రుణంతో చెరువు బాగుచేసే ప్రాజెక్టు మొదలైంది. 2021లో నగరం మొత్తం మురుగు శుద్ధి చేయడానికి 31 ప్లాంట్లను 3,866 కోట్ల రూపాయలతో తెలంగాణ ప్రభుత్వం మంజూరు చేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల నిమజ్జనం హుస్సేన్‌సాగర్‌లో వద్దని హైకోర్టు ఆదేశించింది. ఏర్పాట్లకు సమయం లేదంటే సుప్రీంకోర్టు ఆ ఏడాదికి మాత్రం అనుమతించింది.

నిమజ్జనం గురించి ఒక మాట. నేనూ చిన్నప్పుడు గణపతితో పాటు లారీ ఎక్కి "మోరియా" అని గొంతు పోయేలా అరిచినవాడినే. పండుగ వద్దని ఎవరూ అనడం లేదు. మట్టి విగ్రహం నీళ్లలో కరుగుతుంది, ప్లాస్టర్ కరగదు, రంగుల్లోని రసాయనాలు మిగిలిపోతాయి. ఇది మేస్త్రి పని చేసిన ఎవరికైనా తెలుసు. అయితే తప్పంతా ఏడాదికి ఒక్కసారి వచ్చే పండుగ మీద నెట్టేసి, 365 రోజులూ వచ్చే నాలా మురుగు గురించి మాట్లాడకపోవడం న్యాయం కాదు. పెద్ద రోగం అదే.

సైట్‌లో నేను నేర్చుకున్నది ఒకటుంది. పంపు బిగించాం అని రాసిస్తే కన్సల్టెంట్ ఒప్పుకోడు. నీళ్లు వస్తున్నాయా, ఎంత వస్తున్నాయి అని పరీక్ష చేసి చూపించాలి. చెరువుకూ అదే పద్ధతి ఉండాలి. ఎన్ని ప్లాంట్లు ప్రారంభించారన్నది కాకుండా, నాలా చెరువులో కలిసే చోట నీళ్ల పరీక్ష ఫలితం ప్రతి నెలా జనానికి కనపడేలా పెట్టాలి. పోటీల సీజన్‌కు ముందు పిల్లలు నీళ్లలో దిగవచ్చా లేదా అన్నది అధికారులు సంతకం పెట్టి చెప్పాలి. శిక్షణ పొందే ప్రతి పిల్లవాడికీ డాక్టర్ పరీక్షలు, టీకాలు ఉండాలి.

ఇంకోటి, అంతా హైదరాబాద్‌లోనే ఎందుకు? కరీంనగర్‌లో లోయర్ మానేరు డ్యామ్ ఉంది, నిజామాబాద్ పక్కన శ్రీరాంసాగర్ ఉంది. వానాకాలం గాలి అక్కడా వీస్తుంది. పది ఆప్టిమిస్ట్ పడవలు, ఇద్దరు కోచ్‌లు, ఒక రెస్క్యూ బోటు ఉంటే దగ్గరలోని గురుకుల పిల్లలతో మొదలుపెట్టవచ్చు. భోపాల్ చేసి చూపించింది. మనం ఊళ్లో గుడికి, కమాన్‌కు చందాలు పంపుతున్నాం కదా, మన సంఘాలు ఈ విషయం కూడా ప్రజాప్రతినిధులు ఇక్కడికి వచ్చినప్పుడు అడగాలి. వాళ్లు ఎలాగూ ఎన్నికల ముందు వస్తూనే ఉంటారు.

మా స్టీల్ ఫిక్సర్ కుర్రాడికి ఆరో తరగతి చదివే చెల్లెలు ఉంది, గురుకులంలోనే. ఆ రాత్రి రూమ్‌కి వెళ్లాక ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, చెల్లెకు ఈత వస్తదా?" అని అడిగాడట. రాదని చెప్పింది. సెలవులకు పోయినప్పుడు ముందు ఈత నేర్పిస్తానని మరునాడు సైట్‌లో నాతో అన్నాడు.